అవతల తిప్పే చెయ్యి

ఆ కాలేజీలో మెషీన్స్ ల్యాబ్ నేలకి కింద ఉండేది. బరువైన మోటార్లు పైన పెడితే అంతస్తులు అదురుతాయని కట్టినప్పుడే కిందికి దించేశారు. మెట్లు దిగగానే ఇనుప తలుపు. తలుపు దాటితే పొడుగాటి హాలు, గోడలవారగా సిమెంటు దిమ్మెల మీద బోల్టులతో బిగించిన మోటార్లు. కప్పుకి దగ్గరగా రెండు చిన్న వెంటిలేటర్లు ఉండేవి. వాటిలోంచి చూస్తే బయట నడిచేవాళ్ల కాళ్లు కనిపించేవి, మొహాలు కనిపించేవి కావు. హాలు చివర ఇంకో గది ఉంది. దానికి వెంటిలేటర్ కూడా లేదు. విరిగిన స్టూళ్లు, పనికిరాని కేబుల్ చుట్టలు అందులో పడేసేవారు.

ఆ ల్యాబ్ చూసుకునే లెక్చరర్‌ని పిల్లలు మోటారు మేడం అనేవారు. ఎదురుగా మేడం, వెనకాల మోటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. కోపం రాకపోగా లోలోపల కాస్త ఇష్టంగానే ఉండేది. ఆవిడ రాకముందు ఆ ల్యాబ్‌లో చదువు ఎలా సాగిందంటే, మోటారు ఒక మూల ఉండేది, పిల్లలు ఇంకో మూల ఉండేవారు, మధ్యలో పైక్లాసు వాళ్ల రీడింగులు చేతులు మారుతూ ఉండేవి. ఆవిడ వచ్చాక అది మానిపించింది. మోటారు విప్పించేది, మళ్లీ బిగించమనేది. శాఫ్టుని వేళ్లతో తిప్పి ఎక్కడ పట్టేస్తోందో చెప్పమనేది. కాలిన వైండింగ్‌ని అంటే లోపలి రాగితీగ చుట్టని, ముక్కు దగ్గర పెట్టి, ఈ వాసన గుర్తుపెట్టుకుంటే రేపు ఫ్యాక్టరీలో మీ ఉద్యోగం నిలబడుతుంది అనేది. ముట్టుకోనివాళ్లకి మోటారు అర్థం కాదని ఆవిడ నమ్మకం.

ఆ ఏడాది ఆవిడ కూతురు కూడా ఆ బ్యాచ్‌లోకే వచ్చింది. మొదటిరోజే తల్లీకూతుళ్లు ఒక మాట అనుకున్నారు. కాలేజీ గేటు లోపల అమ్మ లేదు, కూతురు లేదు. నిజానికి ఆ షరతు పెట్టింది కూతురే. తల్లి దాన్ని అవసరానికి మించి పాటించింది. అందరికంటే కూతురినే ఎక్కువ ప్రశ్నలు అడిగేది, ఒక మార్కు తక్కువే వేసేది. తల్లిదండ్రులు వచ్చినప్పుడు, నాకు వీళ్లలో ఎవరైనా ఒకటేనండీ అని చెప్పేది. ఊరికే అనడం కాదు. అది నిజమేననుకునేది.

ఆ బ్యాచ్‌లోనే ఒకమ్మాయి ఉండేది. అందరూ గుసగుస అని పిలిచేవారు. గొంతు అంత సన్నం. పక్కన నిలబడ్డవాళ్లకి తప్ప ఆమె మాట వినపడేది కాదు. హాజరు పలికితే రోజూ ఎవరో ఒకరు, ఉందండీ అని ఆమె తరఫున అరవాల్సి వచ్చేది. కానీ చెయ్యి మాత్రం భలే కుదురు. స్క్రూ జారవిడిచేది కాదు, వైరు కొస ఎక్కువ తీసేది కాదు. మేడానికి ఆ పిల్ల మీద కాస్త ప్రత్యేకమైన అభిమానం ఉండేది.

అది మధ్యాహ్నం క్లాసు. బయట మబ్బు బాగా పట్టి ఉంది, ఉండుండి వాన పడుతోంది.

మేడం ఆ రోజు చూపించాలనుకున్నది చిన్న విషయమే. మోటారుకి కరెంటు ఇస్తే తిరుగుతుంది. అదే మోటారుని మనం తిప్పితే కరెంటు ఇస్తుంది. మోటారూ జనరేటరూ ఒకే వస్తువు చేసే రెండు పనులు. అందరికీ ఇది నోటికొచ్చు, మనసుకి ఎక్కినవాళ్లు తక్కువ. అందుకని లోపల అయస్కాంతాలున్న చిన్న డీసీ మోటార్లు రెండు తీసుకుంది. ఒకదాన్ని హాల్లో బల్ల మీద బిగించింది. రెండోదాన్ని చివరి గదిలో పెట్టి, దానికి గేరుతో ఒక హ్యాండిల్ తగిలించింది. తలుపు కింది సందులోంచి వైర్లు లాగి రెండింటినీ కలిపింది. అంతే. అక్కడ హ్యాండిల్ తిప్పితే ఇక్కడ శాఫ్టు తిరగాలి. అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు.

ఇంకో మాట కూడా చెప్పింది. ఇక్కడ శాఫ్టుని వేళ్లతో గట్టిగా పట్టుకుంటే అక్కడ హ్యాండిల్ బరువెక్కుతుంది. ఒకరికొకరు కనపడకపోయినా ఒకరి చెయ్యి ఇంకొకరికి తెలుస్తుంది.

ఎవరో ఒకడు, ఎక్కడో దొంగ కనెక్షన్ ఉండే ఉంటుంది మేడం అన్నాడు. ఆవిడ నవ్వి, గోడ దగ్గరికి వెళ్లి తన చేత్తోనే మెయిన్ స్విచ్ కిందికి దించేసింది. లైట్లన్నీ పోయాయి. హాలంతా బూడిదరంగు వెలుతురు మిగిలింది. కరెంటు లేనిచోట తనకేం పని అని ల్యాబ్ మెకానిక్ టీ తాగడానికి పైకి వెళ్లాడు. సెల్‌ఫోన్లు ఎప్పటిలాగే తలుపు బయట అరలో ఉన్నాయి. ఉన్నది ఒక్క టార్చిలైటు. చివరి గదిలోకి వెళ్లేవాళ్లకి దాన్ని ఇచ్చి పంపేవారు.

కాసేపట్లో అదొక ఆటయింది. లోపల ఉన్నవాళ్లు తిప్పడం, ఇక్కడున్నవాళ్లు కళ్లు మూసుకుని శాఫ్టు మీద వేళ్లు పెట్టి, కుడికి, ఎడమకి, ఇప్పుడు ఆపారు అని చెప్పడం. క్లాసులో అందరికంటే పొడుగ్గా ఉండే కుర్రాణ్ని లంబూ అనేవారు. అతను లోపల ఎంత జోరుగా తిప్పాడంటే, వీడు తిప్పుతున్నాడా కుస్తీ పడుతున్నాడా అని ఇక్కడివాళ్లు నవ్వారు. ఫోను బిల్లు మిగిలిపోతుంది మేడం అన్నారొకరు. ఇంత సంతోషంగా సాగిన క్లాసు ఆ ఏడాదిలో ఇంకోటి లేదని మేడం అనుకుంది.

చివరికి గుసగుస వంతు వచ్చింది. టార్చి తీసుకుని లోపలికి వెళ్లింది. ఇక్కడ శాఫ్టు దగ్గర మేడం కూతురు కూర్చుంది. శాఫ్టు మెల్లగా, ఒకే వేగంతో కుడికి తిరిగింది. ఆగింది. ఎడమకి తిరిగింది. ఆగింది. ఆ పిల్ల చేతిలోని కుదురు ఇక్కడికి తెలుస్తోందని అందరూ మెచ్చుకున్నారు. గుసగుస బయటికి వచ్చింది. మేడం పక్కకి వచ్చి నిలబడి, సరిపోయిందా మేడం అని అడిగింది.

అప్పుడు మేడం కూతురు కళ్లు తెరిచింది.

తెరిచి ముందు గుసగుసని చూసింది, తర్వాత తన వేళ్ల వంక చూసుకుంది. శాఫ్టు తిరుగుతోంది.

మెల్లగా. కుడికి.

ఎవరో లోపల మిగిలారనుకున్నారు. ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. అందరూ బల్ల చుట్టూనే ఉన్నారు. లంబూ నవ్వబోయి మానేశాడు. మేడం ఏదో చెప్పింది. గేరులో బిగువు మిగిలి ఉంటుంది, అది వదులవుతున్నప్పుడు కాస్త వెనక్కి తిరుగుతుంది అని చెప్పింది. చెబుతూనే అది అబద్ధమని ఆవిడకి తెలుసు. బిగువు వదిలితే ఒక చుట్టులో సగం తిరిగి ఆగుతుంది. ఇది ఆగలేదు.

కూతుర్ని పక్కకి జరగమని, ఆవిడ తనే శాఫ్టుని పట్టుకుంది. బొటనవేలితో, చూపుడువేలితో గట్టిగా నొక్కి పట్టింది.

ఆగింది.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత... వేళ్ల మధ్య చిన్నగా కదిలింది. ఒకసారి. మళ్లీ ఒకసారి. పక్కలో పడుకున్న పసిపిల్ల వేలు పట్టుకుని లాగుతుందే, అలా. అవతల ఎవరికో హ్యాండిల్ బరువెక్కింది. ఇవతల ఎవరో పట్టుకున్నారని వాళ్లకి తెలిసింది.

మేడం వేళ్లు వదిలేసింది.

పిల్లలంతా ఆవిడ మొహం వైపే చూస్తున్నారు. ఆ గదిలోకి వెళ్లి చూడాల్సింది ఎవరో చెప్పనక్కర్లేదు. ఆవిడ టీచరు, ఆ ల్యాబ్ ఆవిడది, ఆ గదిలో మోటారు పెట్టింది కూడా ఆవిడే. పదడుగులు వేస్తే తలుపు. కాళ్లు కదల్లేదు. మొదట కూతురి వైపు చూసింది. వెంటనే చూపు తిప్పుకుని, చేతిలో టార్చి పట్టుకుని నిలబడ్డ గుసగుసతో అంది:

"నువ్వు హ్యాండిల్ సరిగ్గా వదల్లేదేమో. ఒకసారి వెళ్లి చూసి రామ్మా."

ఆ పిల్ల ఏమీ అడగలేదు. వెళ్లింది.

తలుపు సందులో టార్చి వెలుగు ఆ గోడ మీద, ఈ గోడ మీద కదిలింది. బల్ల మీద శాఫ్టు మళ్లీ తిరగడం మొదలైంది. మోటారు లోపల శాఫ్టుకి రాసుకునే బ్రష్షులు కీచుమంటున్నాయి. బయట వాన పెరిగింది. వెంటిలేటర్లలో ఉన్న కాస్త వెలుతురూ సన్నగిల్లింది.

"ఎవరూ లేరు మేడం."

ఆ పిల్ల గొంతు అంత దూరం నుంచి వినపడటం అదే మొదటిసారి. అందరూ అంత నిశ్శబ్దంగా ఉన్నారు.

టార్చి ఆరిపోయింది.

శాఫ్టు వేగం పెరిగింది. మనిషి చెయ్యి తిప్పే వేగం కాదది. కీచుమనే చప్పుడు సన్నబడి, సన్నబడి, ఈలలా మారింది. బల్ల వణుకుతోంది. ఎక్కడినుంచో వాసన... కాలిన వైండింగ్ వాసన. కానీ తడిగా, చాలాకాలం మూసి ఉంచిన పెట్టె తెరిచినట్టు. చేత్తో తిప్పే మోటారు కాలదు. మేడానికి అది తెలుసు.

అప్పుడు హాలు అవతలి గోడ దగ్గర ఏదో మూలిగింది.

అక్కడున్నది అన్నిటికంటే పెద్ద మోటారు. దానికి వైర్లు లేవు. నెల కిందటే విప్పేశారు. దాని బేరింగు మూలిగింది. లోపల తిరిగే బరువైన రోటారు ఒక్క చుట్టు తిరిగింది... ఇంకో చుట్టు... తర్వాత దాని పక్కది. తర్వాత దాని పక్కది. చీకట్లో గోడ వెంట ఒకదాని తర్వాత ఒకటి మేలుకుంటున్నాయి. మెయిన్ స్విచ్ కిందికే ఉంది.

ఎవరు ముందు పరిగెత్తారో తెలీదు. స్టూళ్లు పడ్డాయి. చీకట్లో ఒక గొంతు అమ్మా అంది. ఆవిడ ఆ గొంతు వైపు చెయ్యి చాపి, దొరికిన చేతిని పట్టుకుని లాగింది. తోసుకుంటూ, ఎవరి కాలో తొక్కుతూ, తలుపు దాటి మెట్ల దగ్గర పడ్డారు. ఆవిడ వెనక్కి తిరిగి ఇనుప తలుపు లాగింది. గడియ వేసింది.

చెయ్యి దానంతట అదే వేసిందని తర్వాత చాలాసార్లు అనుకోబోయింది. చేతులు వాటంతట అవి ఏ పనీ చెయ్యవు.

మెట్ల మీద వెలుతురు ఉంది. పిల్లలు రొప్పుతూ గోడకి ఆనుకున్నారు. ఆవిడ కూతురి మొహం చూసింది, భుజాలు తడిమింది. కూతురు ఆ చేతుల్ని విదిలించుకుంది.

"తను లోపలే ఉంది," అంది. "తలుపు తియ్యి."

ఆవిడ తియ్యలేదు. కూతురు గడియ మీద చెయ్యి వేసింది. ఆవిడ ఆ చేతిని పక్కకి నెట్టేసి, గడియకి అడ్డంగా వీపు ఆనించి నిలబడింది. తలుపు ఇనుములోంచి మోటార్ల అదురు ఆవిడ వెన్నులోకి వస్తోంది. లోపలినుంచి కేక ఏదీ వినపడలేదు. వినపడదు కూడా. ఆ పిల్ల పిలిచినా వినపడే గొంతు కాదు. ఆ సంగతి అక్కడ నిలబడ్డ అందరికీ తెలుసు. ఎవరూ ఎవరి వంకా చూడలేదు. లంబూ మెకానిక్ కోసం పైకి పరిగెత్తాడు. నిజంగా మెకానిక్ కోసమో, అక్కణ్నుంచి పోవడానికో అతనికే తెలియాలి.

అదురు ఆగిపోయింది. ఎంతసేపటికో మెకానిక్ వచ్చాడు. గడియ బయటనుంచి ఎందుకు వేశారండీ అని అడిగాడు. మామూలుగానే అడిగాడు. ఆవిడ పక్కకి తప్పుకుంది. అతను తలుపు తీసి, అలవాటైన చీకట్లో నడిచి వెళ్లి మెయిన్ స్విచ్ ఎత్తాడు. లైట్లన్నీ వెలిగాయి. మోటార్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చివరి గది తలుపులోంచి గుసగుస నడిచి వచ్చింది. చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది. మొహంలో భయం లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ మేడాన్ని చూసి ఆగిపోయింది.

"మీరెప్పుడు బయటికొచ్చారు మేడం?"

గుసగుస తన చేతి వంక చూసుకుంది.

"ఇప్పటిదాకా నా చెయ్యి పట్టుకునే ఉన్నారు కదా."

పిల్లలంతా అక్కడే ఉన్నారు. కూతురు అక్కడే ఉంది. వీళ్లందరి కళ్ల ముందే తను పారిపోయింది, గడియ వేసింది. నిజం చెప్పడానికి అంతకంటే సులువైన సమయం ఇంకెప్పుడూ రాదు. ఆవిడ నోరు తెరిచింది.

"ఇప్పుడేనమ్మా," అంది.

ఎవరూ కాదనలేదు. కాదంటే తామెక్కడున్నారో కూడా చెప్పాల్సి వస్తుంది. తలలు దించుకుని బయట అరలోంచి ఫోన్లు తీసుకుని ఒక్కొక్కరే పైకి వెళ్లిపోయారు. మెకానిక్ మాత్రం పెద్ద మోటారు దగ్గర నిలబడి బేరింగు మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసుకున్నాడు. ఇదెందుకండీ ఇంత వేడిగా ఉంది అన్నాడు. మేడం అతన్ని బయటికి రమ్మంది. ఆ రోజే ల్యాబ్‌కి తాళం వేయించి, వైరింగు పరీక్ష చేయించాలని పై అధికారులకి చెప్పింది.

మర్నాడు గుసగుస తల్లి కాలేజీకి వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. స్టాఫ్ రూములో అందరి ముందూ మేడం రెండు చేతులూ పట్టుకుంది. మీరు చెయ్యి పట్టుకుని ఉన్నారని నిన్న సాయంత్రమే ఫోన్లో చెప్పిందండీ అంది. మా అమ్మాయికి చిన్నప్పటినుంచీ చీకటంటే వణుకండీ, నేను రాత్రిళ్లు ఇంట్లో ఉండను కదా, ఇంట్లో లైటు తీసెయ్యకుండా నిద్రపోతుంది అని చెప్పింది. మీరుండబట్టి సరిపోయింది, కన్నతల్లినైనా నేనుంటే నిలబడేదాన్నో లేదో అంది. చుట్టూ ఉన్న లెక్చరర్లు మేడం వైపు గౌరవంగా చూశారు. ఆవిడ ఆ చేతుల్లోంచి తన చేతులు ఎలా తీసుకోవాలో తెలియక అలాగే ఉండిపోయింది. నేలలోకి దిగబడిపోతే బాగుండుననిపించింది. చీకటంటే వణికే పిల్లని ఏరి మరీ లోపలికి పంపానన్నమాట అనుకుంది. తెలిసుంటే పంపేదాన్ని కాదని సర్దిచెప్పుకోబోయింది. తెలిసున్నా పంపేదే. ఆ క్షణంలో కూతుర్ని తప్ప ఎవరినైనా పంపేదే.

ఇంట్లో కూతురు మాట్లాడటం మానేసింది. మొదటిరోజు భర్త గమనించలేదు. రెండోరోజు భోజనాల దగ్గర, మీ ఇద్దరికీ మాటల్లేవా అని అడిగాడు. ఇంకాస్త వడ్డించనా అని ఆవిడ కూతుర్ని అడిగింది.

"వద్దు మేడం," అంది కూతురు.

ఆయన అది వేళాకోళం అనుకుని నవ్వాడు. ఆవిడ ముద్ద కంచంలోనే వదిలేసింది. లేచి వెళ్లి చెయ్యి కడుక్కుని, కుళాయి కట్టకుండా అక్కడే నిలబడిపోయింది. కూతురికి కోపం వచ్చింది తనని వదిలేసినందుకు కాదు. తనని వదలనందుకు. ఆ పిల్లని వదిలేసి తనని లాక్కొచ్చినందుకు. ఆ చీకట్లో అమ్మా అని పిలిచినందుకు తన మీద తనకే కోపం కూడా అయ్యుంటుంది.

క్లాసులో పాఠం చెబుతుంటే పిల్లలు మునుపటికంటే బుద్ధిగా వినేవారు. అది ఇంకా కష్టంగా ఉండేది. బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి అందరి కళ్లూ పుస్తకాల్లోకి వాలిపోయేవి. గుసగుస ఒక్కతే ఆవిడ వైపు చూసేది. ఆ చూపులో ఏ నిందా ఉండేది కాదు.

వారం తిరిగేసరికి ఆవిడ ఇంక ఓర్చుకోలేకపోయింది. ఆ సాయంత్రం కాలేజీ వదిలాక గుసగుసని లైబ్రరీ వరండాలోకి రమ్మంది. కూతుర్ని గేటు దగ్గర ఉండమని, ఈరోజు చెప్పేస్తున్నాను అని మాత్రం అంది. కూతురు తలూపింది.

వరండాలో ఎండ పడుతోంది. గుసగుస పుస్తకాలు గుండెకి ఆనించుకుని నిలబడింది.

"ఆ రోజు లోపల నీ చెయ్యి పట్టుకుంది నేను కాదమ్మా," అంది మేడం.

"తెలుసు మేడం."

ఆ పిల్ల తన మామూలు గొంతుతో, వంగి వింటే తప్ప వినపడనంత మెల్లగా చెప్పింది. అప్పుడు మీరేననుకున్నాను అంది. టార్చి ఆరిపోగానే ఎవరో చెయ్యి పట్టుకున్నారు, భయపడకు అన్నారు. గుసగుసగా మాట్లాడితే అందరి గొంతూ ఒకేలా ఉంటుంది కదా. ఇంటికెళ్లి ఆలోచిస్తే తెలిసింది. నాకు గది తలుపు ఎదురుగానే ఉంది. మీరు ఆ తలుపులోంచి లోపలికి రాలేదు. పైగా లోపలున్న ఆవిడెవరో ఒక చేత్తో నన్ను పట్టుకుని, రెండో చేత్తో హ్యాండిల్ తిప్పుతూనే ఉంది.

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని మేడం అడిగింది.

"నేను అడిగితే మీరు 'ఇప్పుడేనమ్మా' అన్నారు కదా మేడం. అందరి ముందూ మీ మాట తీసెయ్యడం బాగుండదని."

మేడం వరండా స్తంభం పట్టుకుంది. ఈ పిల్ల వారం రోజులుగా తన పరువు మోస్తోంది. మిగిలింది కూడా చెప్పెయ్యాలనుకుంది. చెప్పేస్తే కాస్తయినా తేలికపడుతుందనుకుంది.

"నేను మా అమ్మాయిని తీసుకుని పారిపోయాను. నువ్వు లోపలున్నావని తెలుసు. తెలిసీ బయటినుంచి గడియ వేసింది నేనే."

గుసగుస తలెత్తింది. ఇది ఆమెకి తెలీదు. ఆ కళ్లలో కోపం వస్తుందేమోనని మేడం చూసింది. కోపం కాదు. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"మీరా మేడం?" అంది.

పుస్తకాలు ఇంకా దగ్గరికి హత్తుకుంది. తర్వాత, చెప్పొచ్చో లేదో తెలియనట్టు ఆగి ఆగి చెప్పింది.

"ఆవిడ ఇంకో మాట కూడా అంది. చెయ్యి నొప్పిగా ఉంది, చాలాకాలంగా ఒక్కదాన్నే తిప్పుతున్నాను అంది. మీరేననుకుని, నేను తిప్పుతాను ఇవ్వండి అన్నాను. నువ్వొద్దు తల్లీ అంది. తలుపు వేసినవాళ్లున్నారుగా... వాళ్లనడుగుతాలే అంది."

వరండాలో ఎవరో నడుచుకుంటూ వెళ్లారు. గుసగుస వాళ్లు దాటేదాకా ఆగింది.

"తలుపు ఎవరో వేశారని కూడా నాకప్పుడు తెలీదు మేడం. గాలికి పడిందనుకున్నాను."

మేడం ఆ పిల్ల తల నిమిరి, ఇంటికి వెళ్లమంది. క్షమించమని అడగాలనుకుంది. అడగలేదు. గుసగుస కొంచెం దూరం వెళ్లి, వెనక్కి తిరిగి చూసి, మళ్లీ నడిచింది.

గేటు దగ్గర కూతురు ఎదురుచూస్తోంది. తల్లి మొహం చూడగానే చెప్పేసిందని అర్థమయింది. ఏమీ అడగలేదు. ఇద్దరూ రోడ్డు వెంట పక్కపక్కనే నడిచారు. వాన నీళ్లు నిలిచిన చోట కూతురు తల్లి చెయ్యి అందుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆవిడ కళ్లు చెమర్చాయి. ఈ ఒక్కటి దక్కింది చాలు అనుకుంది.

రెండడుగులు వేశాక కూతురు ఆగిపోయింది. తల్లి అరచేతిని వెలుతురులోకి తిప్పి చూసింది.

"ఇవేంటి?"

ఆవిడా చూసుకుంది. ఆ వారమంతా సుద్దముక్క తప్ప ఆవిడ చేత్తో ఏమీ పట్టుకోలేదు. ల్యాబ్ తాళం తీయనే లేదు. అరచేతిలో, వేళ్ల మొదట్లో, వరసగా పొక్కులు లేచి ఉన్నాయి. మధ్యలోది అప్పుడే చితికినట్టు ఇంకా తడిగా ఉంది.